మూడు ఎనిమిదైన రోజు

శనివారం ఉదయం ఎనిమిది నలభైకి శివజ్యోతి కడపలో సుప్రజ ఇంటి గేటు ముందు ఆటో దిగింది. ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలుంది. పన్నెండు కొట్టేసరికి కర్నూలులో మెకానిక్ రంగస్వామి పోలీస్ స్టేషన్‌కు హాజరు కావాలి. ఆలోపు అతని మీద పడ్డ నింద తప్పని తేలకపోతే అతను ఆ రాత్రికి ఇంటికి రాడు.

నింద చిన్నదేమీ కాదు. సుప్రజకు ఒక చాపర్ మోటారు సైకిలు ఉంది. ముందు చక్రాన్ని పట్టుకుని బారెడు దూరం ముందుకు చాచుకున్న ఫోర్కు, నేలను తాకీ తాకనట్టుండే సీటు, వెనక చాటంత టైరు. చూసినవాళ్లు, ఎవరో ముచ్చటపడి ఏ షెడ్డులోనో కట్టించుకున్నారనుకుంటారు. కానీ అది ఫ్యాక్టరీలోనే ఆ రూపంతో పుట్టింది. విదేశంలో ఒక కంపెనీ అటువంటివి అరవై మాత్రమే చేసి, వరసగా నంబర్లు కొట్టి అమ్మింది. ఫోర్కులోంచి నూనె కారుతోందని ఈ నెల మూడో తేదీన ఆ బండిని వ్యానులో కర్నూలుకు, రంగస్వామి షెడ్డుకు పంపారు. ఐదో తేదీన తిరిగొచ్చింది. తొమ్మిదో తేదీన ఇన్సూరెన్సు కంపెనీ పంపగా హైదరాబాదు నుంచి హర్షవర్ధన్ అనే నిపుణుడు వచ్చి పరీక్షించాడు. చాసిస్ నంబరు కాగితాలతో కలవడం లేదనీ, ఇది నకలనీ, అసలు బండిని రంగస్వామి దాచేసి దీన్ని అంటగట్టాడనీ రిపోర్టు రాసిపెట్టాడు.

రంగస్వామి భార్య రామలక్ష్మమ్మ నిన్న మధ్యాహ్నం శివజ్యోతి ఇంటికొచ్చింది. ఏడవలేదు. కుర్చీలో కూచోలేదు కూడా.

"ఆయప్ప నలభై ఏండ్లు బోల్టులు బిగించినాడు. ఒక్కటన్నా జేబులో ఏసుకున్నోడు కాదు. నువ్వు పోయి ఆ బండిని చూడు పాపా. నువ్వు నకలంటే నకలే. నేను ఇంగ నోరెత్తను" అంది.

శివజ్యోతికి నలభై రెండేళ్లు. వాహనాలకు ధర కట్టడం ఆమె వృత్తి. బండ్ల మోసాలు పట్టే ప్రైవేటు డిటెక్టివ్‌గా నాలుగు జిల్లాల్లో పేరుంది. రంగస్వామి షెడ్డు పక్కనే ఆమె తండ్రి బండ్లకు రంగులు వేసేవాడు. స్పానర్ల నంబర్లు ఆమె ఎక్కాలకంటే ముందు నేర్చుకుంది రంగస్వామి దగ్గరే. ఆ లెక్కన ఈ ఉదయం గుండె దడదడలాడాలి. కానీ, చెప్పుకుంటే బాగుండదు గానీ, ఆమెకు లోపల పండగలా ఉంది. లోకంలో అరవయ్యే ఉన్న బండిని చేత్తో ముట్టుకుని చూసే రోజు ఎంతమందికి వస్తుంది?

గేటు తీసింది సుప్రజే. ముప్పై మూడేళ్ల మనిషి, కాళ్లకు బూట్లు, చేతిలో హెల్మెట్. మంగంపేటలో ముగ్గురాయి పొడి చేసే మిల్లులో తండ్రి పోయాక సగం వాటా ఆమెది. మిగతా సగం చిన్నాన్న వెంకటేశ్వర్లుది.

"రంగస్వామి మామ అట్ల చేసినాడంటే నాలుగు దినాల నుంచి నాకు అన్నం సయించల్యాదక్కా" అంది నడుస్తూనే. "మూడేండ్లుగా ఆయనే చూసుకుంటాండాడు దీన్ని."

"హెల్మెట్ ఎందుకు చేతిలో?"

"ఈరోజు శనివారం గదా. ప్రతి శనివారం దీని మీదే ఒంటిమిట్టకు పోయి రాములవారిని చూసొస్తా. నకలైనా అసలైనా నా బండే గదక్కా. పది గంటలకు బయల్దేరతా. అంతవరకు మీ ఇష్టం."

షెడ్డు ముందు హర్షవర్ధన్ అప్పటికే నిలబడి ఉన్నాడు. ముప్పై ఆరేళ్లుంటాయి. తెల్లచొక్కా, మెడలో కంపెనీ కార్డు, చేతిలో తన రిపోర్టు.

"మేడమ్, నా రిపోర్టు పోలీసులకు కూడా వెళ్లింది. ఇంకా చూడడానికేముంది?"

"బండి ఉండాది గదా సార్. దాన్ని చూద్దాం."

తొమ్మిది గంటల ఐదు నిమిషాలు. శివజ్యోతి బండిని ముట్టుకోకుండా దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. తర్వాత నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుని, ఒక కన్ను మూసి చూసింది. ముఖం నిండా నవ్వొచ్చింది.

"శానా బాగా చేసినారు."

"అందం నాకూ కనబడింది" అన్నాడు హర్షవర్ధన్. "దాని ఖరీదు నాలుగు లక్షలు. ఇంజను తెప్పించి, పైపులు వంచి, క్రోమ్ పూసి ఇచ్చేవాళ్లు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉన్నారు."

"ఉండారు. అట్లాంటివి నేను పదకొండు చూసినా. ఈ దారం ఆ కొస పట్టుకోండి, హ్యాండిలు మెడ కాడ."

అతను పట్టుకున్నాడు. ఆమె రెండో కొసను వెనక చక్రం ఇరుసు దాకా లాగింది. దారం బిగుసుకుంది. ట్యాంకు అడుగు అంచు, సీటు కింది గొట్టం, వెనక ఇరుసు, మూడూ ఆ దారానికి అంటుకున్నట్టు ఒకే గీతలో ఉన్నాయి.

"ఇది చాపర్ వెన్నెముక సార్. ట్యాంకు ఒకచోట, మడ్‌గార్డు ఇంకోచోట కొని తగిలించినోనికి ఈ గీత కుదరదు. యాడో ఒకచోట ఎత్తుకోవడమో, జారడమో అయితాది. ట్యాంకు ఒంపు చూడండి, మడ్‌గార్డు ఒంపు చూడండి. ఒకే చెయ్యి గీసింది. ముందు బొమ్మ గీసుకుని, ఆ బొమ్మ కోసం సామాన్లు చేసినారు. సామాన్ల కోసం బొమ్మను కుంటిది చేయలేదు."

"చూపుకు బాగుంటే అసలైపోతుందా?"

"కాదు. అందుకే కొలుద్దాం."

ఆమె తోలు సంచిలోంచి మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే తూకపు గుండును తీసింది. ముందు ఇరుసు నుంచి గుండును వేలాడదీసి, అది నేలను తాకిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టింది. హ్యాండిలు మెడ వాలిన దిక్కులోనే దారాన్ని నేల దాకా లాగి, అక్కడ రెండో గుర్తు పెట్టింది. రెంటి మధ్యా టేపు పరిచింది.

"చదవండి సార్."

హర్షవర్ధన్ వంగాడు. "నాలుగున్నర అంగుళాలు."

"ఫోర్కు పొడుగు పెంచేకొద్దీ ఈ దూరం పెరిగిపోతాది. షెడ్డులో కట్టినవాటికి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు వస్తాది. చూపుకు సింహంలా ఉంటాది గానీ మలుపులో మొండికేస్తాది. చేతులతో తోస్తే హ్యాండిలు పక్కకు పడిపోతాది. ఈ ఫ్యాక్టరీ వాళ్లు ఫోర్కును పట్టుకునే బిగింపును కూడా లెక్కేసి వంచినారు. అందుకే అంత పొడుగు ఫోర్కుతోనూ దూరం నాలుగున్నరలో నిలిచింది. ఇది కంటితో చూసి కాపీ కొట్టేది కాదు."

ఆమె స్టాండు తీసి, బండిని సీటు పట్టుకుని మెల్లగా తోసింది. హ్యాండిలు వదిలేసింది. పది అడుగులు అది ఎవరో పట్టుకుని నడిపినట్టు తిన్నగా పోయింది. సుప్రజ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.

"తప్పులు కూడా చెప్తా" అంది శివజ్యోతి. "వీధిలో వెనక్కి తిప్పాలంటే ఇంకో వీధి అరువు తెచ్చుకోవాల. ట్యాంకు పిడికెడు, పెట్రోలు పోసిందే తెలీదు. గతుకులో పడితే నడుము మాట్లాడతాది. ఇవన్నీ తెలిసే చేసినారు. తెలిసి ఒప్పుకున్న తప్పులు వేరు, చేతకాని తప్పులు వేరు."

సుప్రజ నవ్వేసింది. హర్షవర్ధన్ నవ్వలేదు.

"మేడమ్, ఈ ఉపన్యాసమంతా ఒక్క అంకె ముందు ఆగిపోతుంది. కాగితాల్లో చాసిస్ నంబరు చివర మూడు. బండి మీద ఎనిమిది. దానికేమంటారు?"

"ఇప్పుడు అంటా."

హ్యాండిలు మెడకు కుడివైపు కొట్టిన నంబరు మీద ఆమె టార్చి పెట్టి, భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. తండ్రి నేర్పిన చదువు ఇక్కడ పనికొచ్చింది. ఫ్యాక్టరీలో ముందు అంకె కొడతారు, ఆ తర్వాత రంగు వేస్తారు. కాబట్టి గుంట లోపలికి కూడా రంగు దిగి గట్టిపడి ఉంటుంది.

"మీరే చూడండి. ఎనిమిదిలో కుడి సగం చూడండి, గుంటలో రంగు నున్నగా ఉండాది. ఎడమ సగం చూడండి. అంచుల్లో రంగు పెచ్చులు లేచింది. లోపల ఇనుము కనబడకుండా కుంచెతో నల్లరంగు అద్దినారు. ఇది రెండుసార్లు పుట్టిన అంకె సార్. మూడుకు ఎడమపక్కన రెండు దెబ్బలు కొట్టి ఎనిమిది చేసినారు."

హర్షవర్ధన్ భూతద్దం తీసుకున్నాడు. అతను పనిలో మొద్దు కాదు. రెండు నిమిషాల్లో అతని చెవులు ఎర్రబడ్డాయి.

"బండి అసలుదే" అంది శివజ్యోతి. "ఫ్యాక్టరీది. నా ధర నలభై ఆరు లక్షలు. నంబరు చెడగొట్టకపోయింటే ఇంకో రెండు."

సుప్రజ ట్యాంకు మీద చెయ్యేసి కళ్లు తుడుచుకుంది. కానీ హర్షవర్ధన్ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"సరే, అసలుదే అనుకుందాం. నంబరు చెరపడం అంతకంటే పెద్ద నేరం. మూడో తేదీ నుంచి ఐదో తేదీ దాకా బండి ఎవరి దగ్గరుంది? రంగస్వామి దగ్గర. పనిముట్లు ఎవరి దగ్గరున్నాయి? రంగస్వామి దగ్గర. ఎందుకు కొట్టాడో పోలీసులే అడుగుతారు. పన్నెండింటికి."

తొమ్మిది ముప్పై ఐదు. శివజ్యోతి రిపోర్టు ఒకసారి ఇమ్మని అడిగి తీసుకుని, ఇంటి వెనక వంటగది వైపు నడిచింది.

ఆ ఇంట్లో పదిహేనేళ్లుగా వంట చేస్తున్న గిడ్డమ్మ చింతపండు పిసుకుతోంది. శివజ్యోతి పక్కనే పీట వేసుకుంది.

"షెడ్డు తాళం ఎవరి కాడ ఉంటాది గిడ్డమ్మా?"

"సుప్రజ పాప కాడ ఒగటి. ఇంగోటి ఈ మేకుకు."

"ఈ మేకుకు ఉండేది ఈ నెలలో ఎవరు తీసినారు?"

"మూడో తేదీ వ్యాను వచ్చినప్పుడు నేనే తీసిచ్చినా. మళ్లా ఐదో తేదీ."

"అంతకు ముందు?"

గిడ్డమ్మ చెయ్యి చింతపండులో ఆగింది. "ముందంటే... ఒకటో తేదీ ఆదివారం. పాప తిరుపతికి పెండ్లికి పోయింటే వెంకటేశ్వర్లు సారు వచ్చినాడు. బండి మీద దుమ్ముండాది, తుడుస్తానన్యాడు."

"ఎంతసేపు తుడిచినాడు?"

"నేను బియ్యం ఏరి, కడిగి, ఎసట్లో పోసి, అన్నం దించినంత సేపు."

ముప్పావు గంట, అనుకుంది శివజ్యోతి. "ఏమన్నా చప్పుడు ఇనపడిందా?"

"టక్కు టక్కుమని నాలుగైదుసార్లు. ఏంది సారూ అంటే, ఏదో వదులైంటే బిగిస్తాండా అన్యాడు. మంచోడేమ్మా. పాపను ఎత్తుకోని పెంచినోడు." గిడ్డమ్మ గొంతు తగ్గించింది. "ఇది నేను చెప్పినట్టు పాపకు తెలీకూడదు."

ఒక వంటమనిషి విన్న చప్పుడు పోలీసులకు చాలదు. అంతకంటే గట్టిది కావాలి. శివజ్యోతి అక్కడే కూచుని రిపోర్టు తిరగేసింది. ఆరో పేజీలో నంబరు ఫోటో ఉంది. పెద్దదిగా, స్పష్టంగా ఎనిమిది. ఆమె చూపు అంకె మీద నుంచి ఫోటో కింది మూలకు జారింది. అక్కడే ఆగిపోయింది.

తొమ్మిది యాభైకి వరండాలో హర్షవర్ధన్ ఎదుట కూచుంది.

"ఈ ఫోటో మీరు తీసిందేనా సార్?"

"నేనే. తొమ్మిదో తేదీ, ఉదయం పదకొండుకు. కింద రాసే ఉంది."

"ఈ మూలలో ఫోర్కు కాలు కొంచెం కనబడతాండాది. దాని మీద ఈ నల్లచార ఏంది?"

"నూనె." అంటూనే అతను ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నాలుగో తేదీన రంగస్వామి ఫోర్కులో నూనె సీలు మార్చినాడు. ఏడో తేదీ శనివారం సుప్రజ ఒంటిమిట్టకు పోయొచ్చింది, చుక్క కారలేదంట. నేను పొద్దున చేత్తో తడిమి చూసినా, పొడిగా ఉండాది. మరి తొమ్మిదో తేదీ ఫోటోలో నూనె యాడ్నుంచి వచ్చింది?"

హర్షవర్ధన్ మెడలో కార్డును ఇటూ అటూ తిప్పాడు. 

"నా ఫోన్‌లో నంబరు సరిగా పడలేదు. షెడ్డులో వెలుతురు లేదు. తాను ఇదే షెడ్డులో తీసిన మంచి ఫోటో ఉందని వెంకటేశ్వర్లు గారు పంపారు. అదే అంకె కదా అని పెట్టేశాను."

"బండి నూనె కారేటప్పుడు తీసిన ఫోటో అది. అంటే మూడో తేదీకి ముందు. అప్పటికే మూడు ఎనిమిదైపోయింది. బండి కర్నూలు ముఖం చూడకముందే."

"అంటే రంగస్వామి..."

"ఆయన చేసిన పనల్లా సీలు మార్చడం."

హర్షవర్ధన్ లేచి రెండడుగులు వేసి మళ్లీ కూచున్నాడు. గర్వం ఉన్న మనిషికి తప్పు ఒప్పుకోవడం పన్ను పీకించుకున్నంత పని. అయినా పీకించుకున్నాడు. ఫోన్ తీసి, తన రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నాననీ, ఫోటో తాను తీసింది కాదనీ, అది ఎవరు పంపారో కూడా నాలుగు వాక్యాల్లో రాసి కర్నూలు స్టేషన్‌కూ తన కంపెనీకీ పంపాడు. తొమ్మిది యాభై ఏడు.

శివజ్యోతి రామలక్ష్మమ్మకు ఫోన్ చేసింది. "అత్తా, బండి అసలుదే. మామ తప్పేం లేదు. అన్నం తినమని చెప్పు" అంది.  అవతల ఒక గిన్నె చప్పుడు, "ఏమప్పా, తినేకి రాప్పా" అన్న కేక వినపడ్డాయి. శివజ్యోతి కుర్చీకి జారగిలబడి హాయిగా ఊపిరి వదిలింది. ఇరవయ్యేళ్ల వృత్తిలో ఇంత నిండుగా అనిపించిన ఉదయాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది.

"నకలని తేలితే వెంకటేశ్వర్లుకు ఏమొస్తాది సార్? బండి ఆయనది కాదు. అమ్మకానికీ పెట్టలేదు."

"అదే నాకూ అర్థం కాలేదు" అన్నాడు హర్షవర్ధన్. ఇప్పుడతని గొంతులో పోటీ లేదు. "ఇన్సూరెన్సు నెలాఖరుకు గానీ అయిపోదు. అయినా శుక్రవారం లోపల రిపోర్టు పోలీసులకు చేరాలని రోజుకు రెండుసార్లు ఫోన్ చేశారు. ఒక వాక్యం ఆయనే చెప్పి రాయించారు. నాకూ నిజమే అనిపించి రాశాను."

"ఏం వాక్యం?"

"'ఈ బండి స్థానికంగా నాసిరకంగా కట్టినది. నడపడం ప్రాణాలకు ప్రమాదకరం.'"

శివజ్యోతి ఆ మాటను నోట్లోనే మళ్లీ అనుకుంది. నాసిరకం. ప్రమాదకరం. శుక్రవారం లోపల. శుక్రవారం తర్వాత వచ్చేది...

అప్పుడే షెడ్డు వైపు నుంచి ఇంజను మోగింది. గుండెల్లో డప్పు వాయించినట్టు, లోతుగా, ఆగి ఆగి. గోడ మీద గడియారం పది చూపిస్తోంది.

ఆమె పరుగెత్తింది. చెప్పులు వరండాలోనే ఉండిపోయాయి. సుప్రజ హెల్మెట్ పెట్టుకుని, గేరు వేసి, గేటు వైపు కదిలింది. శివజ్యోతి రెండు చేతులూ చాచి గేటుకు అడ్డం నిలబడింది. పొడుగు ఫోర్కు ఆమె మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

"ఏందక్కా ఇది!"

"ఇంజను ఆపు. దిగు. మామ విప్పి బిగించిన ఈ ముందు చక్రాన్ని ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ లేదక్కా. నిన్న సాయంత్రం చిన్నాన్న వచ్చి పాలిష్ పెట్టినాడు. రేపు గుడికి పోతావు గదా, మెరవాల అని."

ఇరుసు చివర నట్టును కప్పుతూ గుండ్రటి క్రోమ్ మూత ఉంది. పొద్దున శివజ్యోతి ఆ మూత తీయలేదు. ధర కట్టడానికి దాంతో పనిలేదు. ఇప్పుడు గోరుతో ఎత్తింది. లోపల నట్టును ఆపి ఉంచే పిన్ను లేదు. నట్టును రెండు వేళ్లతో పట్టుకుంది. అది మంచినీళ్ల సీసా మూతలా తిరిగింది. ఇరుసును కింద పట్టి ఉంచే బోల్టులు రెండూ మొదటి మరలోనే తగిలించి ఉన్నాయి.

హర్షవర్ధన్ వెనకే వచ్చి చూసి, గేటు స్తంభం పట్టుకున్నాడు. "హైవే మీద పది కిలోమీటర్లు కూడా పోదు."

"పోదు" అంది శివజ్యోతి. "చక్రం ఊడిపోతాది. అప్పుడు ఎవరూ వెతకరు. నాసిరకం బండి, పోలీసుల కాడ ముందే రిపోర్టు ఉండాది, కట్టినోడు రంగస్వామి. నంబరు మార్చింది బండి ధర తగ్గించడానికి కాదమ్మా. నీ చావుకు కారణం ముందే రాసిపెట్టడానికి."

సుప్రజ హెల్మెట్ తీసింది. ఏడుస్తుందేమో అనుకుంది శివజ్యోతి. ఆమె ఏడవలేదు. వదులైన నట్టును తనూ వేళ్లతో తిప్పి చూసింది.

"మిల్లులో నా సగం... నాకేమన్నా అయితే ఆయనదే" అంది నెమ్మదిగా.

ఆమె జేబులో ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి ముగ్గురూ దగ్గరికి జరిగారు. చిన్నాన్న. శివజ్యోతి పెదాల మీద వేలు పెట్టి, మాట్లాడమని సైగ చేసింది. సుప్రజ స్పీకరు నొక్కింది. గొంతు ఒక్క పిసరు కూడా వణకలేదు.

"చిన్నాన్నా."

"యాడుండావు తల్లీ? బయల్దేరినావా?"

సుప్రజ శివజ్యోతి కళ్లలోకి చూసింది. శివజ్యోతి తల ఊపింది.

"బయల్దేరినా చిన్నాన్నా. పెట్రోలు పోయించుకుంటాండా. ఇంగ పది నిముషాల్లో భాకరాపేట దాటతా."

అవతల ఒక లారీ హారన్ మోగింది. మంగంపేట మిల్లులో ఉండాల్సిన మనిషి రోడ్డు మీద ఉన్నాడు. ఎక్కడో ఒంటిమిట్ట దారిలో, జరగబోయేదాన్ని కళ్లారా చూసుకోవడానికి ఎదురుచూస్తూ.

"మంచిది తల్లీ" అన్నాడు వెంకటేశ్వర్లు ప్రేమగా. "రోడ్డు ఖాళీగా ఉండాది. కొంచెం బిరీన రా."